కొట్టంలో దొరికిన ప్లిమత్

సెప్టెంబర్ 26

ఆర్విల్ మేబ్రీ గారి కొట్టంలో ఇవాళ ప్లిమత్‌కి దుమ్ము పట్టించాం. పొద్దున్నంతా అదే పని. మా పాత కార్ల షోరూము ఓనరు రాయ్స్ ఎండుటాకులు ఊదే మిషన్ తెచ్చాడు. ముందు కారు మీద పలచగా నీళ్లు చిలకరించి, నేల మీది మట్టిని ఆ మిషన్‌తో ఊదితే చాలు, యాభై ఏళ్లుగా కదలని కారు గంటలో తయారవుతుంది. టాప్ మీద నేను మొక్కజొన్న గింజలు చల్లాను. కోళ్లు ఎక్కి, తిని, చేయాల్సింది చేసి దిగాయి. ఆ పనికి ఏ పెయింటరూ సాటి రాడు.

కారు పోయిన నెల టెక్సస్ వేలంలో కొన్నది. ఎవరో టీచరమ్మ స్కూలుకి నడుపుకున్న చిన్న ఇంజన్ బండి. మా షెడ్డులో దానికి పెద్ద ఇంజన్ బిగించి, పక్కన నల్ల చారలు వేసి, ఇంజన్ మీద నంబరు కొత్తగా కొట్టారు. ఇప్పుడది డెబ్భై మోడల్ రేసు గుర్రం. సీట్లు మాత్రం కేటలాగ్ చూసి తెప్పించినవి, కొత్త వాసన ఇంకా పోలేదు. ఎవరూ ముట్టుకోని కారు అని రాసి ఈ సీట్లు చూపిస్తే నవ్విపోతారని రాయ్స్ గొణిగాడు. నా చేతిలో సిగరెట్ ఉంది. వెనక సీటు కుడి పక్కన ఒక్కసారి ఆనించి తీశాను. కందిగింజంత నల్లటి బొక్క పడింది. రాయ్స్ మురిసిపోయాడు. నాకూ బాగానే అనిపించింది, నా డైరీలో నేను దాచుకోవడమెందుకు.

పని అయ్యాక ఆర్విల్ గారు గుడ్లు వేయించి పెట్టారు. ఎనభై దాటిన మనిషి. భార్య పోయినప్పటి నుంచి ఒక్కరే. రాయ్స్ ఆయన ట్రాక్టరు బాగుచేయిస్తాడు, చలికాలం దారి మీద మంచు తీయిస్తాడు. బదులుగా మేం ఆయన కొట్టం వాడుకుంటాం. కొనడానికి వచ్చినవాళ్లు ఎవరైనా ఆరా తీస్తే, మేం ఏం రాస్తే దానికి ఆయన అవునంటారు. పోయినేడాది ఎర్ర కమారో కారు తన దగ్గరే ముప్పై ఏళ్లు పడి ఉందన్నారు. అంతకుముందు మస్టాంగ్‌కీ అలాగే అన్నారు.

"ఈసారి దీని కథేంటమ్మాయ్?" అని అడిగారు.

ఇంకా రాయలేదన్నాను.

"ఏదైనా పర్లేదులే. మనుషులొస్తారు, కూర్చుంటారు, కాఫీ తాగుతూ వింటారు. నాకదే చాలు."

వచ్చేటప్పుడు డజను గుడ్లు ఇచ్చారు.

సెప్టెంబర్ 27

ప్రకటన రాసేశాను. ఒక్క ఊపులో వచ్చింది.

"ఓజార్క్ కొండల్లో ఒక రైతు కొట్టం. 1973 ఆకురాలు కాలంలో ఒక కుర్రాడు ఈ ప్లిమత్‌ని అక్కడ నిలిపి, పని దొరకగానే వచ్చి తీసుకెళ్తానన్నాడని చెబుతారు. తాళంచెవి గుంజకున్న మేకుకి తగిలించాడు. రైతు దాన్ని అక్కడి నుంచి తీయలేదు. కుర్రాడు తిరిగి రాలేదు."

"చెబుతారు" అన్న మాట చట్టం కోసం. మిగతాదంతా కొనేవాడి కోసం. ఇరవై ఏళ్లు కౌంటీ పేపర్లో చావు వార్తలు రాశాను, ఆ పేపరు మూతపడే దాకా. మనుషులు దేనికి కరుగుతారో నాకు తెలుసు. జుట్టు రంగు రాయకూడదు, ఊరు పేరు రాయకూడదు, కళ్లు ఎలా ఉంటాయో రాయకూడదు. ఖాళీ వదిలితే చదివేవాడు తన మనిషిని తెచ్చి అందులో కూర్చోబెట్టుకుంటాడు. రాయ్స్‌కి ఇది అర్థం కాదు. వాడికి ఇంజన్ హార్స్‌పవరే తెలుసు.

చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "లోరెన్, నువ్వు మామూలుదానివి కాదు" అన్నాడు. ఈ వయసులో ఆ మాట ఇంకెవరంటారు నాతో. ఎవరికీ నష్టం లేదు. కారు కొనేవాడు కారుతోపాటు కాస్త కలని కూడా కొనుక్కుంటాడు, అంతే.

అక్టోబర్ 2

ఫోన్లే ఫోన్లు. రాయ్స్ ఈల వేస్తూ తిరుగుతున్నాడు.

అక్టోబర్ 8

ఒకాయన పక్క రాష్ట్రం ఆర్కన్సా నుంచి ఫోన్ చేశాడు. పేరు డ్వేన్ ప్రూయిట్. ధర అడగలేదు, ఇంజన్ అడగలేదు. "ప్రకటన రాసింది ఎవరు?" అని అడిగాడు. నేనే అన్నాను. శుక్రవారం షోరూముకి వస్తానని ఫోన్ పెట్టేశాడు.

అక్టోబర్ 11

వచ్చాడు. రిటైరైన వెల్డర్, అరవై ఐదు ఉంటాయి, చేతులు నిండా పాత కాలిన మచ్చలు. కారు చూడటానికి వచ్చిన ప్రతి మగాడూ ముందు బానెట్ ఎత్తుతాడు. ఈయన ముందు సీటు వంచి, వంగలేక వంగి, వెనక్కి దూరాడు. అక్కడే కూర్చుండిపోయాడు. అరచేత్తో సీటంతా తడుముతూ వచ్చి కుడి పక్కన ఆగాడు.

"ఇది నేను కాల్చిందే" అన్నాడు.

రాయ్స్ నా వంక చూశాడు. నేను గచ్చు వంక చూశాను.

ఆయన అన్నగారి పేరు లైల్. పందొమ్మిదేళ్లవాడు. డెబ్భై మూడులో ఇలాంటి పచ్చ ప్లిమత్ ఎక్కి, మా వైపు, మిస్సోరిలో, పని దొరుకుతుందట, చూసొస్తా అని ఇంట్లో చెప్పి వెళ్లాడు. మనిషీ దొరకలేదు, కారూ దొరకలేదు. తల్లి చచ్చేదాకా వరండాలో లైటు ఆర్పనివ్వలేదట. "వాడి జేబులోంచి సిగరెట్టు కొట్టేసి ఇక్కడే కూర్చుని కాల్చానమ్మా, నాకు పద్నాలుగేళ్లు. చూసి చెంప పగలగొట్టాడు. ఆ తర్వాత వారానికే వెళ్లిపోయాడు" అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

రాయ్స్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, మీ అన్న కారు కాగితాలేమైనా ఉన్నాయా అని ఎంతో ప్రేమగా అడిగాడు. ఇల్లు కాలిపోయినప్పుడు పోయాయన్నాడు. రాయ్స్ మొహం తేలికపడింది. మా కంపెనీ పేరు మీదున్న కాగితాలే ఇచ్చి, అక్కడికక్కడే కారు అమ్మేశాడు.

నేను ఒక్క మాట అనాల్సింది. నోరు తెరిచాను కూడా. సీటు మీద ఆయన చెయ్యి అలా ఉండగా ఏమనను? యాభై ఏళ్ల తర్వాత ఆయనకి పట్టుకోవడానికి ఒకటి దొరికింది. నేనెవర్ని లాక్కోవడానికి?

అక్టోబర్ 12

ఎవరికీ నష్టం లేదు. ఆలోచించే కొద్దీ ఇదే సబబు అనిపిస్తోంది. ఆయన అన్నని నేను తెచ్చివ్వలేను. ఇది కాస్త ఊరట.

అక్టోబర్ 20

ఆర్విల్ గారు ఫోన్ చేశారు, మహా సంబరంగా. డ్వేన్ కొట్టం కనుక్కున్నాడట. మేం చెప్పలేదు. మేం పెట్టిన ఫోటోలో కొట్టం పైకప్పు మీద పాత పొగాకు ప్రకటన సగం కనిపిస్తుంది. ఆ రోడ్డున పోయినవాడెవడికైనా అది తెలుస్తుంది. ఆ సంగతి నాకు తట్టలేదు, రాయ్స్‌కీ తట్టలేదు.

"మంచోడమ్మాయ్. మధ్యాహ్నం వచ్చి పొద్దుగూకే దాకా కూర్చున్నాడు. ఆపిల్ పై తెచ్చాడు."

ఏం చెప్పారని అడిగాను.

"నువ్వు రాసిందే చెప్పా. కుర్రాడొచ్చాడు, కారు పెట్టాడు, పోయాడు. ఎర్ర జుట్టేనా అన్నాడు, అవునన్నా. కాస్త కుంటుతాడా అన్నాడు, అవునన్నా. ఎంత సంతోషించాడనుకున్నావ్. నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు పాపం."

అలా లేనిపోనివి చెప్పకండి, రాసింది తప్ప ఇంకేం చెప్పకండి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అడుగుతుంటే కాదని ఎలా అంటానన్నారు.

రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. కాఫీ ఎక్కువైనట్టుంది.

అక్టోబర్ 27

ఆదివారం కదా, డ్వేన్ మళ్లీ ఆర్విల్ గారింటికి వెళ్లాడట.

నవంబర్ 1

ఇవాళ డ్వేన్ షోరూముకి వచ్చాడు. ప్లిమత్‌లో కాదు, తన పికప్‌లో. ప్లిమత్‌ని ఇంట్లో దుప్పటి కప్పి ఉంచాడట, తుడవనివ్వడట కూడా. నా ప్రకటన అచ్చు తీసి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మడతల దగ్గర చిరుగు పట్టింది.

నా ఎదురుగా కూర్చుని అడిగాడు. "తాళంచెవి మేకుకి తగిలించాడని రాశారమ్మా మీరు. పెద్దాయనేమో తన చేతికే ఇచ్చాడంటున్నాడు. పోయిన ఆదివారం అడిగితే మా అన్న బస్సెక్కి వెళ్లాడన్నాడు. మొన్నేమో ఎవరి లారీయో ఎక్కాడన్నాడు. ఏది నిజం?"

ఆయన గొంతులో కోపం లేదు. లెక్క తప్పిన చోట మళ్లీ మొదటి నుంచి కూడుతున్న మనిషిలా ఉన్నాడు. రాయ్స్ తన గది తలుపు సందులోంచి వింటున్నాడు.

అప్పుడు నేనన్నది ఇక్కడ రాస్తున్నాను. "ఆయనకి వయసైపోయింది కదండీ. మాకు మొదట చెప్పినప్పుడు మాత్రం మేకు అనే చెప్పారు. తర్వాత ఎందుకు మారుస్తున్నారో నాకు తెలియదు."

డ్వేన్ తలూపాడు. "మారుస్తున్నాడు. అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు.

ప్రకటనని కాపాడుకోవాలనుకున్నాను. అంతకు మించి నేనేమీ ఉద్దేశించలేదు. ముసలాయన మరిచిపోతారు అని చెప్పడం పెద్ద నేరమేమీ కాదు. అందరి ముసలివాళ్లూ మరిచిపోతారు.

నవంబర్ 2

"తర్వాత ఎందుకు మారుస్తున్నారో నాకు తెలియదు." ఆ చివరి వాక్యం అవసరం లేదు. అది లేకపోయినా సరిపోయేది.

నవంబర్ 6

ఆర్విల్ గారింటికి వెళ్లాను. నేనెప్పుడూ చూడని మాదిరిగా తలుపు గడియ వేసి ఉంది. కిటికీలోంచి నన్ను చూసి తీశారు.

డ్వేన్ ఇప్పుడు ఆదివారాలే కాదు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తున్నాడట. పై తేవడం లేదు. ఇనుప కడ్డీ తెచ్చి, వాగు ఒడ్డున మెత్తటి నేల ఉన్న చోటల్లా గుచ్చి చూస్తున్నాడు. పోయిన సోమవారం ఎముక తగిలింది. షెరీఫ్ ఆఫీసు నుంచి ఒకడొచ్చి, చూసి, ఇది ఆవుదయ్యా అని నవ్వి వెళ్లిపోయాడు. ఆవుదే, ఆర్విల్ గారే ఆరేడేళ్ల కింద పాతారు. డ్వేన్ నవ్వలేదట. "ఆవుని ఇక్కడ పాతినవాడివి ఇంకేం పాతావు?" అన్నాడట.

"మీరు నిజం చెప్పేయండి. ఇదంతా కారు అమ్మడానికి అల్లిన కథ అని చెప్పేయండి" అన్నాను.

ఆయన చేతులు చూసుకున్నారు. గోళ్లలో మట్టి. "ఇప్పుడెలా చెప్తానమ్మాయ్. నా భుజం మీద ఏడ్చాడు. నేను వాడి తల నిమిరా. మీ అన్న నన్ను మంచినీళ్లు అడిగి తాగాడు అని కూడా చెప్పా. ఇప్పుడు అదంతా ఉత్తిదే అంటే నన్నేం మనిషినంటాడు?"

"అనుకోనివ్వండి."

"నువ్వు చెప్పు. నీకు మాటలొచ్చు. నువ్వు చెప్తే నొప్పి లేకుండా చెప్తావు."

చెప్తానన్నాను. సోమవారం కల్లా చెప్తానని మాటిచ్చాను. గుమ్మం దాకా వచ్చి, ఎప్పటిలాగే గుడ్లు ఇచ్చారు. నేను బండి ఎక్కేలోపే మళ్లీ గడియ పడిన చప్పుడు వినిపించింది. నాకు భయమేసింది. ఇది మొదటిసారి రాస్తున్నాను, నాకు భయమేస్తోంది.

నవంబర్ 11

రాయ్స్‌తో చెప్పాను, డ్వేన్‌కి అంతా చెప్పేస్తున్నానని, ముందు నీకు తెలియడం ధర్మం కదా అని. ఎగిరిపడతాడనుకున్నాను. కుర్చీ జరిపి, కాఫీ పోసి, మెల్లగా మాట్లాడాడు. వాడు మెల్లగా మాట్లాడితేనే నాకు ఎక్కువ భయం.

"చెప్పు, నేనొద్దననుగా. కేసు వేస్తాడు. వేస్తే ప్రకటన ఎవరు రాశారంటారు? నేనా? నేను టీచరమ్మ కారు కొని రంగేశాను, ఈ ఊళ్లో అందరూ చేసేదే. కుర్రాణ్ణి పుట్టించింది నువ్వు. సీటు కాల్చింది కూడా నువ్వే కదా లోరెన్."

తర్వాత, ఇద్దరు ముసలివాళ్లు పోట్లాడుకుంటున్నారు, చలి ముదిరితే ఎవరింట్లో వాళ్లు కూర్చుంటారు, అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. అదీ నిజమే కావచ్చు. అంత దూరం నుంచి మంచులో ఎన్నిసార్లు వస్తాడు?

చలి ముదిరే దాకా ఆగి చూద్దాం అనుకున్నాను. అరవై రెండేళ్లకి నాకింకో ఉద్యోగం ఎవడిస్తాడు అని కూడా అనుకున్నాను.

నవంబర్ 13

చెప్పలేదు.

నవంబర్ 14

ఆర్విల్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఎత్తితే చెప్పావా అని అడుగుతారు.

నవంబర్ 15

రేపటి నుంచి జింకల వేట సీజన్. ఊరంతా వేటగాళ్లు వేసుకునే నారింజ చొక్కాలే. బడికి సెలవిచ్చారు, సగం దుకాణాలు రేపు తెరవరు. మూడోసారి ఆర్విల్ గారి ఫోన్ వస్తే ఎత్తాను. చెప్పావా అని అడగలేదు. డ్వేన్ వేట లైసెన్సు తీసుకున్నాడని, మీ పొలంలో వేటాడుకోవచ్చా అని అడిగాడని చెప్పారు.

"మీరేమన్నారు?"

"ఏమంటాను. అవునన్నా."

వెంటనే డ్వేన్‌కి ఫోన్ చేశాను. తియ్యలేదు. మాట్లాడాలి, చాలా ముఖ్యం, రేపు మధ్యాహ్నం హైవే మీది డైనర్‌కి రండి అని మెసేజ్ పెట్టాను. షెరీఫ్‌కి చెప్పాలా అనుకున్నాను. ఏమని చెప్పను? వేట సీజన్లో ఒకాయన లైసెన్సు తీసుకున్నాడనా? రేపు ఎలాగూ నేనే చెప్పేస్తున్నాను. రేపటితో ఇది అయిపోతుంది.

నవంబర్ 16

వరసగా రాస్తాను.

తెల్లవారకముందే తుపాకుల మోత మొదలైంది. ప్రతి ఏడూ ఇంతే, కొండలన్నీ మారుమోగుతాయి, ఒకటి దగ్గర్లో పేలితే ఒకటి దూరంగా పేలుతుంది. ఎవరూ తల ఎత్తి చూడరు. నేనూ చూడలేదు. కాఫీ పెట్టుకుని, డ్వేన్‌తో ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. కొట్టేశాను. మళ్లీ రాసుకున్నాను. చివరికి కాగితం ఇంట్లోనే వదిలేసి వెళ్లాను.

డ్వేన్ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నారింజ చొక్కా, మోకాళ్ల దాకా బురద. డైనర్ నిండా అలాంటి వాళ్లే. కాఫీ ముందు పెట్టుకుని తాగడం లేదు. మొహం ప్రశాంతంగా ఉంది. నేనతన్ని చూసినప్పటి నుంచి అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేడు, దానికి నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

అంతా చెప్పాను. టెక్సస్ వేలం, టీచరమ్మ, దుమ్ము, కోళ్లు. కుర్రాణ్ణి నేనే అల్లానని చెప్పాను. సీటు మీద బొక్క నా సిగరెట్‌తో నేను చేశానని చెప్పాను. ఆర్విల్ గారు ఆ కారుని సెప్టెంబర్ దాకా కంటితో కూడా చూడలేదని చెప్పాను. తల ఎత్తి చూసేసరికి ఆయన నన్ను కాదు, నా నోటిని చూస్తున్నాడు.

"మరి నేనడిగిన ప్రతిదానికీ ఆయన అవునన్నాడు కదమ్మా."

"ఆయన అందరికీ అవునంటారు. అలా అనమని మేమే చెప్పాం. కొనేవాళ్లు ఏం వినాలనుకుంటే అది అనమన్నాం. ఆయనకి మనుషులు రావడం ఇష్టం, అంతే. ఆయన తప్పేం లేదు."

వెయిట్రెస్ వచ్చి జింక దొరికిందా అని డ్వేన్‌ని అడిగింది. ఆయన లేదన్నాడు. ఆమె వెళ్లేదాకా ఆగాడు.

"పొద్దున కూడా అవునన్నాడు" అన్నాడు.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు అడిగాను. "ఏమడిగారు?"

"మా అన్నని నువ్వే చంపావా అని."

ఆర్విల్ గారు కోళ్లకి గింజలు వేస్తున్నారట. మొదట కాదన్నారట. ఆయన నోటి వెంట కాదు అన్న మాట డ్వేన్ వినడం అదే మొదలు. అప్పుడు డ్వేన్ అన్నాడట, నీకేం చేయను, నాకు తెలిస్తే చాలు, యాభై ఏళ్లుగా తెలియక చస్తున్నా, అవునని ఒక్క మాట చెప్పు, వెళ్లిపోతా అని.

"అలా అన్నాక అవునన్నాడు. నేనేడుస్తున్నానని నా వైపు రెండడుగులు కూడా వేశాడు. తల నిమరడానికి చెయ్యెత్తాడనుకుంటా." డ్వేన్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. "వెళ్లిపోదామనే అనుకున్నానమ్మా. నిజంగా."

బల్ల పట్టుకుని కూర్చున్నాను. చుట్టూ మనుషులు తింటున్నారు, మాంసం కోసే షాపు ముందు ఎంత వరస ఉందో చెప్పుకుంటున్నారు. పోయిన సోమవారం చెప్పి ఉంటే ఆర్విల్ గారు బతికి ఉండేవారు. నిన్న షెరీఫ్‌కి చెప్పినా బతికి ఉండేవారు.

డ్వేన్ జేబులోంచి ప్రకటన తీసి బల్ల మీద పరిచాడు. మడతలు చేత్తో సాపు చేశాడు. ఒక్కో పదం మీద వేలు పెట్టుకుంటూ చదివాడు, బడిపిల్లల్లా. చివరికొచ్చాక అడిగాడు.

"అయితే మా లైల్ ఎక్కడున్నాడు?"

నాకు తెలియదన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత ఆయనే వెయిట్రెస్‌ని పిలిచి షెరీఫ్‌కి ఫోన్ చేయమన్నాడు. వాళ్లొచ్చేదాకా మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయనకి సంకెళ్లు వేస్తుంటే, ఆ నారింజ చొక్కాలన్నీ తినడం ఆపి నా వంక చూశాయి, ఈ ఇద్దరికీ సంబంధమేంటా అని.

షెరీఫ్ ఆఫీసులో అంతా రాసిచ్చాను. ఈసారి "చెబుతారు" అన్న మాట ఎక్కడా లేదు.

నవంబర్ 17

ఆర్విల్ గారి కోళ్లని పక్క పొలం వాళ్లు తీసుకెళ్లారట. అడిగి తెలుసుకున్నాను.

నవంబర్ 19

రాయ్స్ ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మెల్లగానే మాట్లాడాడు. లాయరుతో మాట్లాడాడట, "చెబుతారు" అని రాసినందుకు మనం బయటపడొచ్చని లాయరు అన్నాడట. టీవీ వాళ్లు ఇద్దరొచ్చి షోరూము ఫోటోలు తీసుకెళ్లారట. డ్వేన్ వాళ్లు వకీలు ఖర్చుల కోసం ఆస్తులు అమ్మేస్తున్నారని, ప్లిమత్‌ని మళ్లీ తనే కొంటున్నానని చెప్పాడు.

"దుమ్ము కూడా తుడవలేదట అతను" అన్నాడు. "ఈసారి నువ్వేమీ అల్లక్కర్లేదు లోరెన్. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. ఇలాంటి కారు దేశంలో ఇంకోటి లేదు."

నీకు సిగ్గు లేదా అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. వాడు చివరిదాకా విని, సరే, ఆలోచించుకో అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. పెట్టేసేలోపే ప్రకటన మొదటి వాక్యం నా బుర్రలో తయారైపోయింది. బాగుంది కూడా.

దాన్ని ఇక్కడ రాయను.